గోడ మీద పడని దెబ్బ

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. మామూలు రోజుల్లో దాని బరువు తెలియదు. ఏడాదికోసారి, ఆయన వర్ధంతి సభలో, ఎవరో మైకు నా చేతికిచ్చి "ఆయన పోయినప్పుడు మీరెక్కడున్నారన్నా?" అని అడిగినప్పుడు మాత్రం తల వంగిపోతుంది. అది చూసి జనం దుఃఖమనుకుంటారు. నేనూ అనుకోనిస్తాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకూడదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. 'ఆయన' అంటే ఒక సినిమా హీరో. పేరు చెప్పను. చెబితే మీరు ఆయన గురించి ఆలోచిస్తారు. ఇది ఆయన గురించి కాదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని చిన్నప్పుడు ఇంట్లో ముద్దుగా చెప్పుకునేవారు. ముద్దుగా! ఇంటర్ చదివేటప్పుడు మా హీరో ఫ్లెక్సీ చింపాడని ఒకణ్ణి సైకిల్ చెయిన్‌తో కొట్టాను. వాడి వీపు మీద చర్మం లేచిపోయింది. తోటి అభిమానులు నన్ను భుజాల మీదకెత్తుకుని థియేటర్ చుట్టూ తిప్పారు. ఆ రోజు నాకు పట్టిన దెయ్యం తర్వాత నాతోపాటే విమానమెక్కి ఇల్లినాయ్ దాకా వచ్చింది.

ఎమ్మెస్ చేయడానికి వచ్చి షికాగోకి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. అందులో రాజేందర్ ఒకడు. పేరు మార్చాను లెండి. కరీంనగర్ వైపు పిల్లాడు, నాకన్నా ఒక బ్యాచ్ జూనియర్. నవ్వితే ఇల్లంతా వినిపించేది. వాడు మా హీరోకి పోటీ హీరో అభిమాని. ఇద్దరం ఒకే వంటింట్లో వండుకుంటూ, ఒకే కారులో కాలేజీకి వెళ్తూ, ఇంటికొచ్చాక ఫోన్లలో ఒకరి హీరోని ఒకరం తిట్టుకునేవాళ్లం.

మా లోకం గురించి తెలియనివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. అభిమానుల గొడవ ముదిరితే ఆన్‌లైన్‌లో ఎదుటి హీరో బతికుండగానే చంపేస్తారు. ఆయన ఫొటోకి దండ వేసి, కింద దీపం పెట్టి, పేరు ముందు 'రిప్' అని రాసి తెల్లవార్లూ ట్రెండ్ చేస్తారు. నేనూ చేశాను. రాజేందర్ హీరోని ఎన్నిసార్లు పాడె ఎక్కించానో నాకే గుర్తులేదు. వాడు కూడా "అన్నా, మీవోడు పోయిండట గదా" అని నా గదిలోకి తొంగిచూసి, నేను చెప్పు విసిరేలోపు నవ్వుతూ పారిపోయేవాడు. ఒకసారి మాత్రం నాకు నిజంగానే ఒళ్లు మండి, వాడి గొంతు పట్టుకుని గోడకి అదిమి, "ఇంకోసారి ఆ మాట అన్నావంటే చంపేస్తాను" అన్నాను. వాడి మొహం పాలిపోయింది. "అననన్నా" అన్నాడు. ఆ తర్వాత నిజంగానే అనలేదు.

ఆ రోజు పొద్దున నేను దోసెలు వేసుకుంటున్నాను. మిగతా ఇద్దరూ క్యాంపస్‌కి వెళ్లిపోయారు. బయట మెట్లన్నీ మంచు గడ్డకట్టి ఉన్నాయి. రాజేందర్ వంటింట్లోకి వచ్చాడు. స్టవ్ కట్టేశాడు. గ్లాసుతో మంచినీళ్లు పట్టి నా ముందు నిలబడ్డాడు.

"జర కూసో అన్నా" అన్నాడు.

"ఏంట్రా ఈ డ్రామా?"

"మీ హీరో పోయిండన్నా."

వాడి గొంతు వణుకుతోంది. అది నాకు వినిపించింది. ఇప్పటికీ వినిపిస్తోంది. కానీ నా బుర్రలో తిరిగింది వేరు. ఆ వారమే వాడి హీరో సినిమా రిలీజైంది, హిట్టని నాలుగు రోజులుగా ఇల్లు అదరగొడుతున్నాడు, ఇప్పుడు నీళ్లు కూడా పట్టుకొచ్చి నటిస్తున్నాడు, ఎంత పొగరు!

మొదటి దెబ్బ నోటి మీద పడింది. గ్లాసు కింద పడి పగిలింది. వాడి పెదవి చిట్లి గడ్డం మీదకి రక్తం కారింది. "ఒట్టన్నా, నిజమే చెప్తున్న" అన్నాడు. మళ్లీ కొట్టాను. ఇంకో దెబ్బకి వాడు పక్కకి తప్పుకుంటే నా పిడికిలి గోడలోకి దిగింది. ఇక్కడి గోడలు మన ఇళ్ల గోడల్లాంటివి కావు, లోపలంతా బోలు. మణికట్టు దాకా వెళ్లిపోయిన చేతిని బయటికి లాక్కునేసరికి నాకు ఇంకా ఎక్కింది. తప్పుకుంటావట్రా నువ్వు? కాలర్ పట్టి కింద పడేసి గుండెల మీద కూర్చున్నాను. వాడి వీపు కింద గాజుముక్కలున్నాయి. అవి గుచ్చుకుని వాడు విలవిల్లాడుతున్నాడని తెలుసు. లేవలేదు. దవడ మీద, కంటి మీద, మెడ మీద, ఎక్కడ దొరికితే అక్కడ గుద్దాను. వాడు తిరిగి కొట్టలేదు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నాకు హాయిగా ఉంది. ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. హాయిగానే ఉంది మరి, ఏం చేయను!

ఇంతవరకూ జరిగింది రాజేందర్‌కి తెలుసు. వాడు కళ్లు మూసుకుని ఉండగా జరిగింది మాత్రం నాకొక్కడికే తెలుసు.

జేబులో ఫోన్ అదే పనిగా వణుకుతోంది. సైలెంట్‌లో ఉంది. కుడిచేత్తో వాడి కాలర్ పట్టుకునే ఎడమచేత్తో ఫోన్ తీశాను. మెసేజిల మీద మెసేజిలు. మా అభిమాన సంఘం గ్రూపు, మా అన్నయ్య, ఊళ్లో స్నేహితులు. టీవీ తెర మీద ఆయన ఫొటో, కింద వార్త. ఆస్పత్రి ముందు జనం. మా అన్నయ్య ఏడుస్తూ పెట్టిన వాయిస్ మెసేజి వినక్కర్లేకపోయింది. నిజం. ఆయన పోయాడు. రాజేందర్ చెప్పింది అక్షరాలా నిజం.

చదివాను. అర్థమైంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

నేను ఆగేసరికి అయిపోయిందనుకున్నాడు పాపం. మెల్లగా మొహం మీది నుంచి చేతులు తీశాడు. అప్పుడు నేను వాడి జుట్టు పట్టి తల పైకి లేపి, పక్కనే ఉన్న ఓవెన్ తలుపు అంచుకేసి కొట్టాను. ఎడమవైపు, చెవి వెనక. ఆ చప్పుడు నేను మీకు వర్ణించను.

ఎందుకు కొట్టాను? అప్పటి నుంచీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఒళ్లు తెలియని కోపమని చెప్పుకుందామంటే ఒళ్లు తెలిసే ఉంది, ఫోన్ జాగ్రత్తగా జేబులో పెట్టుకున్న మనిషికి ఒళ్లు తెలియకపోవడమేమిటి, దుఃఖమని చెప్పుకుందామంటే దుఃఖం ఇంకా మొదలే కాలేదు. మొదట అబద్ధం చెప్పాడని కొట్టాను. చివర నిజం చెప్పినందుకు కొట్టాను. నేను లేచి, "తప్పైపోయిందిరా" అని వాడి కాళ్లు పట్టుకోవాల్సిన క్షణం అది. పట్టుకోవడానికి అహం అడ్డొచ్చింది. ఇంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

వాడు కాసేపు కదల్లేదు. చచ్చిపోయాడనుకున్నాను. తర్వాత మూలిగాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. వాడి కోసం కాదు, పోలీసులొస్తే నా వీసా ఏమవుతుందోనని. వాణ్ణి లేపి మంచం మీద పడుకోబెట్టి, టవల్‌లో ఐసుముక్కలు చుట్టి పెట్టాను. వాడు నా మొహం చూసి, నేను అడక్కముందే అన్నాడు.

"మెట్ల మీద ఐస్ ఉండె, జారిపడ్డ అని చెప్తా. నువ్వు ఫికర్ చెయ్యకన్నా. నీకు తెల్వదు గదా, నిజమని. తెలిస్తే కొడ్తవా?"

"లేదురా. తెలీదు" అన్నాను.

అదీ నా అబద్ధం. రెండు ముక్కలు. వాడు నన్ను క్షమించింది ఆ రెండు ముక్కల మీదే.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. ఇక్కడి అభిమాన సంఘం వాళ్లు ఇండియన్ స్టోర్ నుంచి పూలు, ఆయన ఫొటో పట్టుకొచ్చారు. గోడకి పడ్డ కంత చూశారు. వాచిపోయిన నా చెయ్యి చూశారు. "వార్త వినగానే గోడకేసి కొట్టేసుకున్నావా అన్నా?" అని ఒకడు భోరుమన్నాడు. నేను తలూపాను. అంతే, నన్ను కావలించుకున్నారు. ఆ కంత మీదే ఆయన ఫొటో తగిలించి దండ వేశారు. నేను ఫొటో ముందు కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. పక్కగదిలో రాజేందర్ దిండుకి రక్తం అంటుకుంటోంది. వాడు జారిపడ్డాడని, పడుకున్నాడని చెప్పాను. అందరూ వెళ్లేదాకా వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

అక్కడ నర్సు నన్ను బయటికి పంపి, "నిన్నెవరైనా కొట్టారా?" అని వాణ్ణి ఒక్కణ్ణే అడిగింది. తలుపు అవతల నిలబడి విన్నాను. "నో మేడమ్" అన్నాడు. చెవి వెనక ఎముక చిట్లిందని, ఆ చెవికి ఇక వినికిడి రాదని డాక్టరు చెప్పాడు. ముందే తీసుకొస్తే నిలిచేదా? నేను అడగలేదు. అడిగితే జవాబు చెప్తాడని భయపడ్డాను.

ఇప్పుడు షికాగో శివారు షామ్‌బర్గ్‌లో నాకో ఇల్లుంది. సంఘంలో పెద్ద పేరుంది. ఆయన కోసం గోడ పగలగొట్టిన అభిమానిని నేను. ఆ కథ నాకన్నా బాగా చెప్పేవాళ్లు తయారయ్యారు. ప్రతి వర్ధంతికీ శాలువా కప్పుతారు. ఆ శాలువాలన్నీ ఒక సూట్‌కేసులో కుక్కి గరాజ్‌లో పడేశాను.

ఈసారి సభకి రాజేందర్ వచ్చాడు. వేరే రాష్ట్రంలో ఉండేవాడు, ఉద్యోగం మారి ఈ పక్కకొచ్చాడు. భార్య, ఎనిమిదేళ్ల కూతురు. ముందు వరసలో, కుడిచెవి నావైపు తిప్పుకుని కూర్చున్నాడు. మైకు నాకిచ్చారు. నేను చెప్పాను. వంటింట్లో ఉన్నాను, వార్త విన్నాను, గోడకేసి కొట్టాను. చప్పట్లు కొట్టారు. వాడు కూడా కొట్టాడు. నవ్వాడు కూడా. ఇల్లంతా వినిపించే ఆ పాత నవ్వు కాదు. తన గొంతు తనకే సరిగ్గా వినపడని మనిషి జాగ్రత్తగా నవ్వే నవ్వు.

భోజనాల దగ్గర వాడి భార్య నా దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "ఆ రోజు మీరు లేకుంటే ఈయన ఏమైపోతుండెనో అన్నయ్యా. అంత దుఃఖంల గూడ దవాఖానకి తీస్కపోయిన్రంట" అంది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. చేతిలో ప్లేటు టేబుల్ మీద పెట్టేశాను.

అప్పుడా పిల్ల నా మొహంలోకి చూసి, తన అమెరికా తెలుగులో అడిగింది.

"అంకుల్, మీరు వాల్‌ని ఎందుకు కొట్టారు? వాల్ ఏం చేసింది?"

రాజేందర్ దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "అంకుల్‌కి తెల్వక కొట్టిండు బేటా" అన్నాడు. అంటూ నావైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. ఇన్నేళ్లుగా నన్ను కాపాడుతున్నానన్న చిన్న సంతోషం ఉంది. ఛీ, నా బతుకు! నన్ను తిట్టినా బాగుండేది. ఆ పిల్ల ముందు నా చెంప పగలగొట్టినా బాగుండేది. "ఎక్స్‌క్యూజ్ మీ" అని చెప్పి పార్కింగ్‌లోకి వచ్చేసి, కారులో కూర్చుని స్టీరింగ్ మీద పిడికిళ్లతో గుద్దాను. నొప్పి పుట్టేదాకా గుద్దాను. ఈ చేతులకి వేరే పనేదీ రాదు కాబోలు.

ఇది రాజేందర్ కంట పడితే వాడికి తెలిసిపోతుంది. పడాలని ఉందా? ఉంది. వద్దనీ ఉంది. వాడి ఎదుట నిలబడి చెప్పే దమ్ము ఉంటే మీకు రాసేవాణ్ణి కాదు. వాడి దగ్గర చెవి తీసుకున్నాను, ఇప్పుడు వాడు మిగుల్చుకున్న ఆ క్షమ కూడా లాక్కుంటానా అని ఒక మనసు అంటుంది. ఆ మనసు మహా తెలివైంది. నా శాలువాలు కాపాడుకోవడానికే అలా అంటోందని నాకు తెలుసు.

మీరే అడిగారనుకోండి, ఆయన పోయినప్పుడు ఎక్కడున్నావని. చెబుతాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వంటింట్లో, రాజేందర్ గుండెల మీద కూర్చుని ఉన్నాను. ఫోన్ చూశాను. వాడు చెప్పింది నిజమని తెలిసింది. తెలిశాకే కొట్టాను.