వంతు కర్ర

మొన్న పొద్దున మా వదిన బస్సు దిగి పాల్వంచలోని మా క్వార్టరుకు వచ్చింది. చేతిలోని కర్రను గుమ్మం పక్కన గోడకు ఆనించి, చెప్పులు విడిచి లోపలికి నడిచింది. మోకాళ్లు అరిగిన మనిషి కర్ర పట్టుకొని రావడంలో వింతేముంది? కానీ ఆ కర్రను చూడగానే గుర్తుపట్టాను. నా పెళ్లికి ముందు అది మా గోడకు ఆనించి కనిపించిందంటే, తెల్లారి అడవి కాపలా వంతు మా ఇంటిదని లెక్క.

ఆ ఏర్పాటు మా పెదనాయనది. భద్రాచలం పోయే తారురోడ్డు వదిలి లోపలికి నడిస్తే మా గూడెం. అడవి అధికారులు వచ్చి, కమిటీ పెట్టుకొని మీరే కాపాడుకోండి, అడవి మీదే, ఫలసాయం మీదే అని చెప్పిన రోజున అందరూ తలలూపారు. పెదనాయన ఒక్కడే నమ్మాడు. నమ్మినవాడినే పెద్దగా పెట్టడం ఎక్కడైనా ఉన్నదే కదా. గుట్ట వాలులో చెట్లు కొట్టి చేసే పోడు సాగు మానాలని కమిటీ మొదటి కట్టుబాటు. ముందు తన వాలే వదిలేశాడు. ఆయన కోడలిగా అప్పుడే కాపురానికి వచ్చిన మా వదిన లబలబలాడింది. "ఏం తినాలె మామా?" అంటే, "అడవి పెరిగితే అడవే పెడ్తది బిడ్డా" అన్నాడు. ఆయనను చూసి మిగతావాళ్లూ వదిలారు, మళ్లీ వానలు పడగానే దున్నుకున్నారు. పెదనాయన వాళ్లతో పోట్లాడాడు, వాళ్లు వినలేదు, అది వేరే కథ.

కాపలా మాత్రం అందరూ చేశారు. వంతుకు వెళ్లినవాళ్లు సాయంత్రం తిరిగొస్తూ కర్రను పక్కింటి గోడకు ఆనించి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయేవారు. ఆ ఇంట్లో జ్వరమున్నా, చుట్టాలొచ్చినా ఎవరో ఒకరు తెల్లారి గుట్టెక్కాల్సిందే. ఎండు పుల్ల ఏరుకోవచ్చు, పచ్చి కొమ్మ విరిస్తే ఒక కోడి తప్పు కట్టాలి. ఆ తప్పు మొట్టమొదట కట్టింది ఎవరనుకున్నారు? మా వదినే. పందిరికి నల్లమద్ది కొమ్మ కొట్టుకొచ్చిందని, పెదనాయన సొంత కోడలి దగ్గరే పెట్టను పట్టించాడు. దాన్ని ఆమె చేతే వండించి, కమిటీ అంతా కూర్చొని తిన్నారు. పైగా ఉప్పు తక్కువైందన్నాడట! ఆ మాట చెప్పి వదిన ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది, ఆ తర్వాత నవ్వుతుంది.

పెదనాయన వదిలేసిన వాలులో అడవి నిజంగానే పెరిగింది. మోళ్ల నుంచి తునికి చిగిర్చింది, నల్లమద్ది నిలువుగా లేచింది, పోడు కాలంలోనూ కొట్టకుండా ఉంచిన ఇప్పచెట్లు గొడుగు పట్టాయి. ఎండాకాలం తెల్లారేసరికి చెట్ల కింద ఇప్పపువ్వు పరుచుకొని, ఆ తీపి మత్తు వాసన గూడెం దాకా వచ్చేది. మలేరియాతో మా అన్న పోయాక వదిన ఇద్దరు పిల్లల్ని సాకింది ఆ పువ్వుతో, తునికాకుతో, చీపుర్లతోనే. పెదనాయన మాట నిజమైనట్టే అనుకున్నాం.

అంతలో సాగులో ఉన్న పోడు భూములకు పట్టాలిస్తారని సర్వేకు వచ్చారు. నేనూ ఆ రోజు గూడెంలోనే ఉన్నాను. వదినకు ఆ వాలు తప్ప గజం జాగా లేదు. దారి పొడవునా మామకు నూరిపోస్తూ నడిచింది. "నువ్వేం మాట్లాడకు మామా. చెట్ల నడుమ ఇత్తనం ఏస్తున్నమని నేను చెప్త. నీ కాళ్లు మొక్కుతా, నోరు ఇప్పకు." సరేనన్నాడు. వచ్చిన సారు చెడ్డవాడేమీ కాదు. నీడలోకి రాగానే టోపీ తీసి, తల పైకెత్తి చూసి, "ఇంత మంచి అడవి ఎట్ల పెరిగింది పెద్దాయనా?" అన్నాడు.

అన్నేళ్లలో ఆయనను ఆ మాట అడిగినవాడు లేడు. పెదనాయన ముఖం వెలిగిపోయింది. "మేం పెంచినం సార్! కమిటీ పెట్టిన కాడికెళ్లి నాగలి తగలనియ్యలే. ఒక్క ఇత్తనం ఏయలే." వదిన వెనక నుంచి కండువా లాగుతూనే ఉంది. ఆయన ఆగితే కదా! ఒక్కో చెట్టు బోదె మీద చెయ్యేసి, సొంత పిల్లల్ని చూపించినట్టు చూపించాడు. సారు అంతా విని, "అయితే ఇది సాగు భూమి కాదు గదా, అడవే" అని ముందుకు కదిలాడు. తిరిగి దున్నుకున్నవాళ్లకు పట్టాలొచ్చాయి. వాళ్లను తప్పు పట్టను, వాళ్లకూ కడుపులున్నాయి. కానీ నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. పెదనాయన మీదో, సారు మీదో కూడా తెలియదు.

రెండేళ్లు తిరగకముందే ఆ చెట్లు కొట్టేసి జామాయిల్ తోట నాటడానికి అడవి అధికారుల మిషన్లు వచ్చాయి. పెదనాయన వంతు కర్ర పట్టుకొని అడ్డం నిలబడ్డాడు. "అడవి మాదే అన్నరు గదా సార్?" అంటే, "ఎవరన్నరు? పట్టా ఉందా నీకు?" అన్నాడు కొత్తగా వచ్చిన గార్డు. ఇప్పచెట్లు కూలుతుంటే ఆయన అక్కడే కూర్చున్నాడట. అప్పటికి కమిటీ పేరుకే మిగిలింది, వంతులు ఆగిపోయాయి. ఆయన మాత్రం కర్ర పట్టుకొని రోజూ వెళ్లేవాడు, గార్డు రోజూ దింపేసేవాడు. నిరుడు వానల్లో మంచం పట్టి, మళ్లీ లేవలేదు.

ఆ జామాయిల్‌లోనే వదిన కూలికి పోయింది. తన వాలులోనే కలుపు తీసింది. ఇప్పుడు ఆ పనీ లేదు. మొన్న టీ గ్లాసు కింద పెట్టి, నా ముఖం చూడకుండా అడిగింది. "కాలనీల ఎవరింట్లనన్న గిన్నెలు తోమే పని చూడు పిల్లా. కూసోనే తోముత." నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

సాయంత్రం బస్సుకు వెళ్తుంటే, కర్ర మరిచిపోయావు వదినా అన్నాను. "మరువలే. దాన్ని పట్టుకుంటే మామ యాదికొస్తడు, వశమైతలే. నీ కాడనే ఉండనియ్," అని గేటు పట్టుకొని, మెల్లగా మెట్లు దిగింది.

కర్ర ఇంకా మా గోడకు ఆనించే ఉంది. ఒకప్పుడు అది ఆనిన ఇంటికి తెల్లారితే ఎక్కడికి పోవాలో తెలిసేది. ఇప్పుడూ తెల్లారుతూనే ఉంది, పోవడానికే చోటు లేదు.