సీసా చీటీలో రాయని సున్నం

ఏగిస చెట్టు కర్రను నీళ్ళలో నానేసి ఎండకు పట్టి చూస్తే ఆ నీళ్ళు తేనె రంగులో ఉంటాయి. పక్కనుంచి చూస్తే నీలంగా మెరుస్తాయి. భోపాల్‌పట్నం వైపు మా ఊళ్ళలో షుగర్‌కు ఆ నీళ్ళే తాగుతాం. ఆ నీలం ఎందుకొస్తుందని ఎవరూ అడగలేదు. నా కూతురి కూతురు అడిగింది. ఇప్పుడు హైదరాబాదులో ఆమె చదువు అదే. ఆ కర్రలోని అరుదైన అణువు ఏ వెలుగును తాగి ఏ వెలుగును కక్కుతుందో కంప్యూటర్‌లో లెక్క కడుతుంది. లెక్క నిజమో కాదో అసలు నీళ్ళ మెరుపుతో పోల్చి చూడాలట.

అందుకే నన్నొక సీసా అడిగింది. "అమ్మమ్మా, మనం తాగేటట్టే చెయ్యి. ఏమేం ఏసినవో చీటీ మీద రాసి అంటించు. నువ్వే రాయాలె, ఇప్పుడు నీకు అక్షరాలొచ్చు గదా!"

యాభై అయిదేళ్ళకు పలక పట్టినదాన్ని. ఆ మాటకు పొంగిపోయాను. తీరా చూస్తే ఆ రోజు నీలం సరిగా రాలేదు. తమలపాకుకు సున్నం రాసిన వేలు ముంచితే మెరుపు పెరుగుతుందని నాకు తెలుసు. చిటికెడు కలిపాను. చీటీ మీద మాత్రం "ఏగిస కర్ర, బోరు నీళ్ళు" అని రాశాను. మరిచిపోయి కాదు. పిల్ల ముందు నా సీసా వెలవెలబోకూడదని.

మూడు నెలలు ఆమె లెక్క కుదరలేదు. మొదటినుంచీ తప్పే, వేరే పని చూసుకోమని వాళ్ళ సారు అన్నాడట. "నాకే బుర్ర లేదమ్మమ్మా" అని ఫోన్‌లో ఏడ్చింది. అప్పుడైనా చెప్పానా? "అన్నం తిన్నవా?" అని అడిగి పెట్టేశాను.

వారం తర్వాత ఇక ఉండబట్టక నేనే ఫోన్ చేశాను.

"అండ్ల సున్నమేసిన."



"ఎంత?"

"చిటికెడే."

"చిటికెడేనా! సున్నం తగిలితే అణువుల నుంచి ఓ ముక్క ఊడిపోతది, అదిచ్చే వెలుగే మారుతది. నేనేమో ఊడని దానికి లెక్క కడుతున్న. ఏందమ్మమ్మా, ఒక్క మాట రాస్తే ఏం పోయె?"

వేలిముద్ర వేసే రోజుల్లోనైతే రాయడం రాదని తప్పించుకునేదాన్ని.

ముక్క ఊడిన అణువుకు మళ్ళీ లెక్క కట్టింది. సరిపోయింది. "నీ సున్నం పుణ్యాన రెండు అణువులు దొరికినయి, ముసల్దానా" అని నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు.

మొన్న మళ్ళీ అడిగింది. ఈసారి కర్ర విడిగా, నీళ్ళు విడిగా పంపమంది. "నీ మీద నమ్మకం లేక కాదు" అని నేను అడగకుండానే అంది.

చీటీ రాయాలా అన్నాను. అక్కర్లేదంది.