రెండో కౌంటర్ రికార్డు

ఆ స్టాటిక్ వేరియబుల్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

2011లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక సరుకుల గోదాముకి మేం జావాలో వెబ్ సర్వీస్ రాశాం. కౌంటర్‌లో బటన్ నొక్కితేనే లారీ గేటు దాటుతుంది. ఏ కౌంటర్ నుంచి నొక్కారో రికార్డులో పడాలి. ఆ సంగతి బటన్ నొక్కగానే సర్వర్‌కి చేరే సందేశంలో, అంటే సర్వ్‌లెట్ రిక్వెస్ట్‌లో ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ, ఆ క్షణాన ఎవరి పని నడుస్తోందో తెలిసిన కాంటెక్స్ట్‌ని అడిగి, ఆ రిక్వెస్ట్‌ని కొత్తగా తీసుకోవాలి. మా టీమ్ లీడ్ దాన్ని అందరికీ కలిపి ఉమ్మడి పెట్టెలాంటి ఒకే స్టాటిక్ వేరియబుల్‌లో పడేశాడు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఒకరి పని ఇంకొకరి పేర పడుతుంది.

నేను చూసి చెప్పాను. "టెస్టింగ్‌లో ఒక్కసారైనా తప్పొచ్చిందాండీ? పనిచేసేదాన్ని కెలక్కండి," అన్నాడు. ఎందుకొస్తుంది? టెస్ట్ చేసింది తనొక్కడే, ఒక్క కంప్యూటర్ మీద, టీ తాగుతూ! లీడ్‌తో పేచీ ఎందుకులే అని నోరు మూసుకున్నాను.

మూడు వారాలకి కాయితాలు లేని లారీ ఒకటి బయటికి పోయింది. రికార్డులో రెండో కౌంటర్ అని ఉంది. అక్కడ కూర్చునే అక్క మంఖాల్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. గోదాము మేనేజర్ ఆమె మెళ్ళో గుర్తింపు కార్డు తీసేసుకుని వరండాలో నిలబెట్టాడు. కబురు తెలిసి నేను అక్కడికి వెళ్ళాను.

"గా లారీని నేను చూడనే లేదు తమ్మీ," అంది నన్ను చూడగానే. "కంప్యూటర్ అబద్ధం జెప్తదా అంటున్నరు. ఇగ నేనేం జెప్పాలె?"

రికార్డు తెరిచి చూశాను. రెండో కౌంటర్ ఒకే సెకనులో రెండు లారీలను పంపినట్టుంది. ఏ మనిషికి సాధ్యం? లీడ్‌కి ఫోన్ చేస్తే, "క్లయింట్ ముందు పరువు పోతుందండీ, నెమ్మదిగా సరిచేద్దాం," అన్నాడు. ఆమె ఉద్యోగం పోయినా ఫరవాలేదు, ఈయన పరువు మాత్రం ఉండాలి! ఫోన్‌లోనే నోటికొచ్చినట్టు తిట్టాను.

మేనేజర్‌ని లాక్కొచ్చి, రెండు కౌంటర్లలో ఒకేసారి బటన్ నొక్కించాను. ఏడోసారికి రెండూ రెండో కౌంటర్ పేరనే పడ్డాయి. ఆ లారీని పంపింది తనేనని బయటపడేసరికి మొదటి కౌంటర్ అతను తల దించుకున్నాడు. మేనేజర్ అక్క కార్డు తిరిగిచ్చేశాడు.

అక్క కార్డు చేతిలో పట్టుకుని నన్నడిగింది: "గిట్లయితదని నీకు ముందుగాలనే ఎర్కనా తమ్మీ?"

అవునని తలూపాను. ఆమె కార్డు మెళ్ళో వేసుకుని, నా వైపు చూడకుండా కౌంటర్‌లోకి వెళ్ళిపోయింది.