పరుపు కింది నోటుబుక్కు

మొన్న ఉప్పుగూడ స్టేషన్ దిక్కుకు పోతుంటే ఒక ఆటో ట్రాలీ పచ్చగడ్డి మోపులు ఏసుకొని నా స్కూటీ ముందట పోయింది. ఆ తడిగడ్డి వాసన వెనకనే నానబెట్టిన తవుడు పులుపు, పేడ పిడకల పొగ, అడుగంటిన పాల వాసన ఒక్కొక్కటే వచ్చి, నా పదిహేనో ఏడును ముందటవెట్టినయ్.

బాపుకు నాలుగు బర్రెలుండేవి. ఇంటి వెనకనే కొట్టం. ఎండాకాలం గోనెసంచులు తడిపి కొట్టం చుట్టూ కడితే ఆ చల్లదనంల కూసొని అచ్చనగండ్లు ఆడేటోళ్లం. ఆషాఢంల బోనాలకు అమ్మ కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమలు పెట్టి, బెల్లమన్నం వండితే ఆ ఆవిరి గల్లీ దాకా పోయేది. పాలు పిండుతూ పిండుతూ బాపు ఒక ధార నా నోట్లకు కొట్టేటోడు. బాపుకు చదువు రాదనే నేననుకునేదాన్ని.

పదో తరగతిల ఉన్నప్పుడు మొఘల్‌పురాల మా బడిల ఒకనాడు నా పక్క బెంచీల కూసునే సరిత ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని కొంచెం జరిగింది. అంతే, ఆనాటి నుంచి నాకు అందరి మీదా అనుమానమే. ఇద్దరు నవ్వుకుంటే నా గురించే అనిపించేది. రెండు సబ్బులతోని స్నానం చేసి, యూనిఫాం లోపల పౌడరు చల్లుకొని పోయేదాన్ని. బాపు మోపెడ్‌కు పాలడబ్బాలు కట్టుకొని మా బడి గల్లీకే వచ్చి, నేను కనబడితే హారన్ కొట్టేటోడు. నేను మొఖం తిప్పుకునేదాన్ని. ఇంట్ల మాటలు బంద్ చేసిన. బోనాలకు రానన్న. ఒకనాడు జడ మెడ దాకా కత్తిరించుకుంటే అమ్మ మస్తు లొల్లి చేసింది.

ఇంట్ల చెప్పని మాటలన్నీ ఒక నోటుబుక్కుల రాసి పరుపు కింద దాచేదాన్ని. అందుల ఒకటి: "బాపు మా బడి గల్లీకి రావద్దు. వస్తే వాసనొస్తది."

కొన్ని దినాలకు బుక్కు పెట్టినట్టు లేదనిపించింది. పేజీల నడుమ ఒక వెంట్రుక పెట్టి చూసిన. తెల్లారి అది లేదు. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది కాబట్టి ఆమెనే అనుకొని పొయ్యికాడికి పోయి నిలదీసిన.

"నా బుక్కు ఎందుకు తీస్తున్నవ్?"

"నీ బుక్కుతోని నాకేం పని?" అన్నది అమ్మ.

"అబద్ధం. ఇగ నీ చేతి అన్నం తినను."

రెండు దినాలు బేకరీ బన్నులే తిన్న. అమ్మ రెండు పూటలా కంచంల అన్నం పెట్టి మూతపెట్టేది.

మూడో దినం ట్యూషన్ లేదని తొందరగ ఇంటికొచ్చిన. నా మంచం మీద బాపు కూసున్నడు. చేతులు కడుక్కొని తువ్వాలకు తుడుచుకున్నట్టున్నడు, తువ్వాల ఇంకా భుజం మీదనే ఉంది. మోకాళ్ల మీద నా నోటుబుక్కు. అక్షరాల కింద వేలు. నన్ను చూసి దొంగ లెక్క లేచి నిలబడ్డడు.

"నీ అక్షరాలు జూస్తున్న బిడ్డా. గుండ్రంగ మంచిగున్నయ్. సదవనైతే రాదు నాకు."

నమ్మిన. నమ్మాలనిపించింది. అమ్మకు మాత్రం తప్పైందని చెప్పలేదు, కంచం మూత తీసి అన్నం తిన్న, అంతే.

ఆ తర్వాత బడి గల్లీల హారన్ వినబడలేదు. మొదలు హాయిగనే అనిపించింది. వారం దాటినంక మళ్ల అనుమానం మొదలైంది. బడికాడ మేం పాలు పోసే ఇంటి పెద్దామెను, ఖాలా అని పిలుస్తం, అడిగిన.

"మీ బాపు ఇప్పుడు వెనక గల్లీల కెల్లి నడిచొస్తుండు బిడ్డా, డబ్బా భుజాన పెట్టుకొని. బండి పెద్ద రోడ్డు మీదనే ఆపుతుండంట," అన్నది ఆమె.

ఇంటికి ఉరికిన. అమ్మ పొయ్యి మీద పాలు కలుపుతుంది.

"అమ్మా, బాపుకు సదువొస్తదా?"

అమ్మ గరిటె ఆపలేదు. "మెల్లగొస్తది. నువ్వు ఒకటో తరగతిల ఉన్నప్పుడు నీ పుస్తకాలే పట్టుకొని నేర్చుకుండు. సిగ్గుపడి నీకు జెప్పనియ్యలే. నువ్వు మాట్లాడుతలేవని, బుక్కులనన్నా ఏం రాస్తున్నవో జూస్తనన్నడు. నేనొద్దన్న."

తెల్లారి బాపు బండి తీస్తుంటే పోయి వెనక కూసున్న. "నన్ను బడికాడ దించు బాపూ."

బాపు వెనకకు తిరగలేదు. "వాసనొస్తది బిడ్డా," అన్నడు మెల్లగ.

నేను దిగలేదు. పాలడబ్బా ఒక చేత్తోని పట్టుకొని కూసున్న. బడి గేటు కాడ సరిత చూసింది, ఇంకా ఇద్దరు ముగ్గురు చూసిండ్రు. ఈసారి నేను మొఖం తిప్పుకోలేదు. ఆ దినం నాకు చాతనైంది అంతే.

ఇప్పుడు మా గల్లీల ఒక్క బర్రె లేదు. కొట్టం జాగాల మూడంతస్తులు లేచినయ్. పాలు ప్యాకెట్లల్ల వస్తున్నయ్. అచ్చనగండ్లంటే ఏందని పిల్లలు అడుగుతరు. బాపు పొద్దున పేపరు ముందటేసుకొని అందరి ముందటనే చదువుతడు, ఇప్పటికీ వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట. అట్ల చదివేటోనికి ఆనాడు నా ఆ ఒక్క వాక్యం పూర్తయ్యేసరికి ఎంతసేపు పట్టిందో, అడుగుదామని ఎన్నోసార్లు పక్కన కూసున్న. ఇప్పటిదాకా అడగలేదు.