బండి లేని సారుకు ఇడ్లీ కూపన్

మా కరీంనగర్ కాలేజీలో పార్కింగుకు చోటు చాలడం లేదు. అందుకని బండి ఇంట్లో వదిలి బస్సులో వచ్చే లెక్చరర్లకు రోజూ ఒక ప్లేటు ఇడ్లీ ఉచితమని ప్రిన్సిపాల్ గారు పోయిన వారం ప్రకటించారు. అందరికంటే ముందు కూపన్ అడిగింది నా తోటి లెక్చరర్, లెక్కల సారు రాజేశం. ఆయన ఇరవయ్యేళ్లుగా పెద్దపల్లి నుంచి బస్సులోనే వస్తున్నారు. అయినా, ‘మీకసలు బండే లేదు కదా’ అని ఆఫీసువాళ్లు కూపన్ ఇవ్వలేదు. పాపం, ఆయన మొహం చిన్నబోయింది.

ఈ రోజు పొద్దున ఆయన ఫోన్‌లో ఒక పాత స్కూటర్ ఫోటో పట్టుకొని నేరుగా ప్రిన్సిపాల్ గదికి వచ్చారు. ఏదో సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"నిన్న మా బామ్మర్ది దగ్గర కొన్న సార్. ఇంట్లనే పెట్టి బస్సుల వచ్చిన."

"అది నడుస్తదా, రాజేశం?"

"ఇంజనే లేదు సార్. మీ పార్కింగుకు జన్మల రాదు, ఫికర్ చెయ్యకుండ్రి!"

ప్రిన్సిపాల్ గారు నవ్వాపుకోలేక కూపన్ మీద సంతకం పెట్టేశారు.

ఇరవయ్యేళ్లు బుద్ధిగా బస్సెక్కితే దొరకని ఇడ్లీ, కదలని స్కూటర్‌తో దొరికింది. రోజూ కారులో ఒక్కడినే వెళ్లే నాకు కూడా ఆయన తన ప్లేటులోంచి ఒకటి పెట్టారు. సిగ్గుపడుతూనే తిన్నాను. మీ ఆఫీసుల్లో ఇలాంటి ఘనులెవరైనా ఉన్నారా?