పగటిపూట వేసిన నిద్రగోలీ

నా పేరు మీకు అనవసరం. లచ్చయ్య కాక పేరు కూడా అసలుది కాదు. మిగతాదంతా నిజం. ఇన్నేళ్లుగా దీన్ని మింగలేక కక్కలేక మోస్తున్నాను. గనిలో బొగ్గెత్తి టబ్బులు నింపే ఫిల్లర్‌ని నేను, బరువంటే తెలియనివాణ్ని కాదు. ఇది వేరే బరువు. జనం నన్ను మంచివాడంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఏం చూసి అంటారు?

ఎనభైల చివర్లో సంగతి. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులోనే లచ్చయ్య కాక ఉండేవాడు. గని పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని ఆయనది. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్‌ దవాఖానవాళ్లు ఇక మందు లేదు, ఇంట్లోనే బాధ తెలియకుండా చూసుకోండని గోలీలిచ్చి పంపేశారు. చూసుకోవడమంటే ఎట్లాగో మాలో ఎవరికీ తెలియదు. తెలిసింది ఒక్కటే, షిఫ్టు. అందుకని కాక మంచం దగ్గర కూడా షిఫ్టులు వేసుకున్నాం. పొద్దుటి డ్యూటీవాళ్లు సాయంత్రం కూర్చోవాలి. మధ్యాహ్నం డ్యూటీవాళ్లు రాత్రి వచ్చి అక్కడే పడుకోవాలి. మరి రాత్రి డ్యూటీవాడు? పగలంతా ఖాళీయే కదా! ఏ మహానుభావుడికి తట్టిందో గానీ, రాత్రంతా బొగ్గెత్తి వచ్చిన నన్ను పగలు కాపలా పెట్టారు. నాకు నోరు లేదా? ఉంది. కాదంటే నలుగురూ ఏమనుకుంటారోనని తలూపాను. మంచివాణ్ననిపించుకోవాలన్న యావ నాకు ముందునుంచే ఉంది.

కాకను చూసుకోవడం తేలిక కాదు. దిండు పెడితే ఎత్తయిందనేవాడు, తీస్తే పల్లమైందనేవాడు. జావ ఒకరోజు పల్చన, ఒకరోజు చిక్కన. కూర్చున్నచోటే నేను కునికితే గిలాసతో మంచం పట్టె మీద టకటకా కొట్టేవాడు. పోయేవాడి మీద కోపం రాకూడదని తెలుసు. అయినా వచ్చేది. రోజూ వచ్చేది.

ఆయనకు ఒక్కతే బిడ్డ, సరోజ. నచ్చినవాణ్ని చేసుకుని మంచిర్యాల వెళ్లిపోయింది. కాక ఆమె పేరు కూడా ఎత్తనిచ్చేవాడు కాదు. ఆఖరికి ఆయనే మా లైనులోని లారీ మెకానిక్ ఖాజా భాయ్‌ని పిలిచి, బిడ్డను రమ్మని కబురంపాడు. మర్నాడు వస్తానందట. ఆ మర్నాడు పొద్దున కాక భార్య, మా చిన్నమ్మ, బిడ్డను తీసుకురావడానికి బస్టాండుకు పోయింది. నేను డ్యూటీ దిగి, స్నానం చేసి వచ్చి కూర్చున్నాను.

"కొడుకా, ఇయ్యాల నన్ను పండనియ్యకు" అన్నాడు కాక.

"ఎందుకు కాక?"

"సరోజ వస్తది. తప్పు నాదే బిడ్డా అని దానికి చెప్పాలె. నా కండ్లు మూతపడ్తే లేపు. మొఖం మీద నీళ్లు సల్లు, గుంజు, ఏమన్న చెయ్యి."

"గట్లనే కాక. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అన్నాను. ఈ నోటితోనే.

ఇక మొదలైంది. వచ్చిందా అంటాడు. రాలేదంటాను. బయట ఏ చప్పుడైనా బస్సేనా అంటాడు. కాదు కాక, లారీ. కాసేపటికి మళ్లీ అదే. ఎండ ఎక్కింది. ముందురోజు సాయంత్రం పడుకుందామంటే ఇంటికి చుట్టాలొచ్చి అప్పుడూ నాకు నిద్ర లేదు, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇక ఆమె రాదని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. రాదని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. రాకపోతే నాకు హాయి, అంతే. రాత్రి నిద్రకు ఒక్కటే వేయమని ఇచ్చిన గోలీ తీసి, దగ్గుకని చెప్పి మింగించాను. అయినా ఆయన కళ్లు చించుకుని తలుపు వైపే చూస్తున్నాడు. మళ్లీ అడిగాడు, వచ్చిందా అని. ఇంకోటి వేశాను.

ఇద్దరం నిద్రపోయాం.

చిన్నమ్మ తడితే లేచాను. వెనక సరోజ నిలబడి ఉంది. దారిలో బస్సు చెడిపోయిందట. ఆమె మంచం పక్కన కూర్చుని నాయినా, నాయినా అని పిలిచింది. చెంపలు తట్టింది. ఆయన పలకలేదు. రాత్రి కూడా పలకలేదు. తెల్లవారాక పోయాడు. గోలీలవల్లే పోయాడా, ఆ ఘడియే వచ్చిందా? దవాఖానలో అడిగితే చెప్పేవారేమో. నేను అడగలేదు.

శవం లేవకముందు సరోజ నా దగ్గరికొచ్చి అంది, "అమ్మ పోరు పడలేక రమ్మన్నడు గని, నాతోని మాట్లాడొద్దనే కండ్లు మూసుకున్నడన్నా. నాయినకు కోపం పోలే."

అక్కడ ఒక్క మాట చాలు. తప్పు నాదేనని మీ నాయన అన్నాడమ్మా, అని. కానీ అది చెబితే, మరి ఎందుకు మేలుకోలేదని అడుగుతుంది. అందుకని ఆ మాటనూ దాచేశాను. గోలీ అలసటలో వేశాననుకోండి. తండ్రి మాట బిడ్డకు చేరకుండా చేసింది ఏ అలసట? లైనంతా మాత్రం కాక నా చేతుల్లో చల్లగా పోయాడని చెప్పుకున్నారు.

కొన్నేళ్లకు సరోజ కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించింది. పిల్లాణ్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి. ఆమెకు తోబుట్టువులు లేరు. "మా నాయిన కాడ కొడుకు లెక్క కూసున్నవు. నువ్వే మేనమామవు" అని నన్ను పిలిచింది. ఏదో సాకు చెప్పి తప్పించుకోవచ్చు. వెళ్లాను. కొత్త బట్టలు పెడితే కట్టుకున్నాను. పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకున్నాను. వాడు కత్తెర చూసి ఏడుస్తుంటే సరోజ, "ఏడ్వకురా, తాతకే మనమంటే కోపం, మామ మంచోడు" అని బుజ్జగించింది. నేను భోజనం కూడా చేసి వచ్చాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇదేం నిజాయితీ అనండి, నేనూ అదే అనుకుంటున్నాను. క్షమించమని అడగను. మీరు క్షమించినా అది చెల్లదు. రాస్తుంటే గుండె కాస్త తేలికైంది, ఆ తేలికదనం మీద కూడా నాకు చిరాకే. అయినా ఒక్కసారైనా ఈ మాట ఎక్కడో ఒకచోట ఉండాలి.

కాక కళ్లు మూసుకోలేదు. నేను మూయించాను.