చివర నిలబడ్డవాళ్లు

ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరి గొంతులన్నీ కలిపిన ఆపరేటరమ్మ, రిటైరయ్యాక బట్టల కొట్టు పైనున్న రెండు గదుల కంపెనీలో చేరింది. జనం తమ ఫొటోలు ఒకరికొకరు చూపించుకునే యాప్ తయారుచేస్తారక్కడ. నలుగురు ఇంజనీర్లు, ఆరు కంప్యూటర్లు, మూలిగే ఫ్యాను ఒకటి. ఆమె పని ఫిర్యాదులు చూడటం.

చదివి, ఫొటో తీసేసే మీట నొక్కితే చాలన్నారు. ఆమెకు అది చేతకాలేదు. ఫిర్యాదు చేసినవాళ్లకీ, ఎవరి మీద చేశారో వాళ్లకీ ఫోన్ చేసి, ఇద్దరినీ ఒకే లైన్లో కలిపి, మాట్లాడుకోండని తను తప్పుకునేది. పాత అలవాటు. సగం తగువులు టీ చల్లారేలోపే తీరిపోయేవి.

ఏడాది తిరిగేసరికి కంపెనీ మూడంతస్తులకు పాకింది. చేపలమ్మే ఆవిడ నుంచి పళ్ల డాక్టరు దాకా అందరి చేతుల్లోనూ అదే యాప్. ఫిర్యాదులు వాన ముందు చీమల్లా బారులు తీరాయి. వాటిలో సగానికి సగం ఒకటే గోడు: ఫొటోలో నన్ను కోసేశారు. యాప్ ప్రతి ఫొటోనూ చతురస్రం చేస్తుంది. వరసలో చివర నిలబడ్డవాళ్లు గాలిలో కలిసిపోతారు. ఫొటో అనగానే ఊళ్లో పెద్దకోడళ్లూ చిన్నల్లుళ్లూ మధ్యకు తోసుకోసాగారు. ఆమె చెబితే ఇంజనీర్లు నవ్వి, చతురస్రమే అందమన్నారు.

ఒక మధ్యాహ్నం తెరమీద తన పేరే కనిపించింది. ఫిర్యాదు చేసింది తోడికోడలు. మొన్న ఇంటిల్లిపాదీ దిగిన ఫొటోను ఆపరేటరమ్మే యాప్‌లో పెట్టింది. చివరనున్న తోడికోడలు అందులో లేదు. మూడు రోజులుగా వంటింట్లో ఆవిడ గిన్నెల చప్పుడుతోనే జవాబిస్తోంటే, తలనొప్పేమో అనుకుంది ఈవిడ. ఇరవై ఆరేళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. మీట నొక్కితే ఫొటో పోతుంది. మాట తిరిగొస్తుందా?

ఫోన్ ఎత్తింది.

"ఫిర్యాదుల విభాగం నుంచండీ. మీరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో ఆవిణ్ణి లైన్లో కలపమంటారా?"

అటువైపు కుళాయి కట్టేసిన చప్పుడు.

"కలపండి. ఆవిడకి కళ్లు కనిపిస్తున్నాయో లేదో అడగాలి."

"చూసుకోలేదే. కోసింది యాప్, నేను కాదు."

"ఇన్నేళ్లుగా ప్రతి ఫొటోలో నన్ను చివర నిలబెట్టింది కూడా యాపేనా అక్కా?"

ఇద్దరినీ కలిపి తప్పుకోవడమే ఆమెకు తెలిసిన విద్య. ఈసారి తప్పుకుందామంటే, ఆ ఇద్దరిలో ఒకరు తనే.

"సాయంత్రం మళ్లీ దిగుదాం," అంది చివరికి. "మధ్యలో నువ్వు."

దిగారు. తోడికోడలు నట్టనడుమ నిలబడి, కిటికీ తెరిచినట్టు నవ్వింది. ఆపరేటరమ్మ తనంతట తనే వెళ్లి చివర నిలబడింది. యాప్‌లో పెట్టాక ఫొటోలో ఆమెది మోచెయ్యి ఒక్కటే మిగిలింది. పది నిమిషాల్లో దానికింద తోడికోడలి వ్యాఖ్య: "మోచెయ్యి బాగా వచ్చిందక్కా."